రేసు ఇంజన్ కొనే ముందు ఒక్కసారి సైలెన్సర్ విప్పించి చూడండి

(ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటల్నే చదవడానికి వీలుగా కొద్దిగా సర్ది ఇక్కడ పెడుతున్నాం. ఆడియోలో వెనక వినిపించే గుయ్యిమనే చప్పుడు మా క్యాంపు రూమ్ ఏసీది. ఏమనుకోకండి.)

కొత్తగా వింటున్నవాళ్ల కోసం ఒక మాట. నేను దుబాయ్‌లో బిల్డింగ్ సైట్ సూపర్‌వైజర్‌ని. చదివింది ఐటిఐ, మోటార్ మెకానిక్ ట్రేడు. ఊరు జగిత్యాల దగ్గర. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పాత అలవాటు మాత్రం పోలేదు. సైట్‌లో జనరేటర్ చప్పుడు కొంచెం మారినా అందరికంటే ముందు నా చెవి అటు తిరుగుతుంది.

ఈ ఎపిసోడ్ మా అల్లుడి గురించి. అంటే మా అక్క కొడుకు. వాడికి ఇరవై రెండేళ్లు, వాడి బండికి వాడికంటే ఎక్కువ వయసు. 1994 మోడల్ ఆర్‌ఎక్స్ 100. మూడేళ్ల కింద నేనే సగం పైసలు పెట్టి కొనిచ్చిన. ఈ ఎండాకాలం ఒక రాత్రి వాట్సాప్‌లో వీడియో పంపాడు. టేబుల్ మీద ఒక ఇంజన్, పక్కన లావుపాటి రేసు సైలెన్సర్. కింద వాయిస్ మెసేజ్: "మామా, ఫుల్ రేసు ట్యూనింగ్ ఇంజన్. రెండే రేసులు ఆడిందంట. అరవై వేలు చెప్తున్నడు. నా దగ్గర సగం ఉన్నయ్. మిగిలిన సగం నువ్వు పంపు, నెలనెలా ఇచ్చేస్త."

ముప్పై వేలంటే తక్కువేం కాదు. నెలంతా ఓవర్‌టైం చేస్తే వచ్చే పైసలు. అయినా నన్ను ఆపింది పైసలు కాదు. అసలు సంగతి చివర్లో చెప్తా, ముందు ఇంజన్ గురించి మాట్లాడుకుందాం. మీలో చాలామందికి తమ్ముడో అల్లుడో కొడుకో ఇలాంటి వీడియో పంపే ఉంటారు, లేకపోతే రేపు పంపుతారు.

ఆర్‌ఎక్స్ 100 మన దగ్గరికి 1985 చివర్లో వచ్చింది, 1996లో తయారీ ఆగింది. 98 సీసీ టూ స్ట్రోక్. కంపెనీ చెప్పిన పవర్ 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. ఈ రోజుల్లో ఆ లెక్క చూస్తే చిన్నదే. కానీ బండి బరువు నూరు కిలోల పైన కొద్దిగా. అందుకే ఆ పికప్, అందుకే ఇప్పటికీ పోరగాళ్లకు ఆ పిచ్చి. నాకూ ఉండేది. వాణ్ణి తిట్టే హక్కు నాకు లేదు.

ఇప్పుడు రేసు ట్యూనింగ్ అంటే ఏం చేస్తారు? టూ స్ట్రోక్‌లో ఫోర్ స్ట్రోక్ లాంటి వాల్వులు ఉండవు. బోరు గోడకు కిటికీల్లాంటి రంధ్రాలు ఉంటాయి, వాటిని పోర్టులు అంటాం. పిస్టన్ పైకీ కిందికీ పోతూ ఆ కిటికీల్ని తెరుస్తుంది, మూస్తుంది. రేసు మెకానిక్ ఏం చేస్తాడంటే, పొగ బయటికి పోయే కిటికీని పైకి కోస్తాడు, వెడల్పు చేస్తాడు. దాంతో ఇంజన్ మస్తు స్పీడుగా తిరిగేటప్పుడు కూడా పొగ పోవడానికి టైం దొరుకుతుంది. హెడ్‌ని లేత్ మీద కోసి కంప్రెషన్ పెంచుతాడు. పెద్ద కార్బరేటర్ పెడతాడు. మధ్యలో లావుగా ఉండే ఆ సైలెన్సర్‌ని ఎక్స్‌పాన్షన్ చాంబర్ అంటారు. దాని లోపల పొగ అల వెనక్కి తిరిగి వచ్చి, బయటికి జారిపోతున్న కొత్త పెట్రోల్ గాలిని మళ్లీ బోరులోకి తోస్తుంది. నిజంగా గొప్ప పని. అది చేసేవాళ్ల చేతికి దండం పెట్టాలి.

కానీ ఆ అల సరిగ్గా టైంకి తిరిగి రావాలంటే ఇంజన్ ఒక స్పీడు మీదే ఉండాలి. కిందున్నప్పుడు అల తప్పుడు టైంలో వస్తుంది, కిటికీ పెద్దదైపోయింది కాబట్టి కంప్రెషనూ ఉండదు. అంటే ఆరేడు వేల ఆర్‌పీఎం దాకా బండి చచ్చినట్టు ఉంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా గుంజుతుంది. రేసు ట్రాక్ మీద అది సరిపోతుంది, అక్కడ కిందికి దిగాల్సిన పనే లేదు. మన రోడ్డు మీద ఎట్లుంటది? ఊరు దాటేలోపు నాలుగు స్పీడ్ బ్రేకర్లు, బర్రెలు, ఆటోలు, వడ్లు ఆరబోసిన సగం రోడ్డు. నలభై కిలోమీటర్ల స్పీడులో క్లచ్ సగం పట్టుకుని, రేజు చేసుకుంటూ పోవాలి. ప్లగ్గు నల్లబడుతుంది, క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. స్టాండర్డ్ ఇంజన్ ఉన్న బండి మీ పక్క నుంచి హాయిగా దాటిపోతుంది.

ఇక ఆయుష్షు సంగతి. ఈ ఇంజన్ బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు కూడా 50. అంటే ఒక్కో చుట్టుకి పిస్టన్ 50 పైకి, 50 కిందికి పోతుంది. 7,500 ఆర్‌పీఎం దగ్గర లెక్కేస్తే సెకనుకు సగటున పన్నెండున్నర మీటర్లు. రేసులో అదే ఇంజన్‌ని 11,000 తిప్పితే సెకనుకు పద్దెనిమిది మీటర్ల పైన. స్పీడు ఒకటిన్నర రెట్లే పెరిగింది కదా అనుకుంటాం. కానీ పిస్టన్ పైకి పోయి ఆగి మళ్లీ కిందికి తిరిగే చోట కనెక్టింగ్ రాడ్ మీద పడే గుంజుడు రెండింతల పైనే పెరుగుతుంది. ఆ రాడ్డు, దాని కింద సూది బేరింగు, క్రాంక్ అన్నీ కంపెనీ 7,500 కోసం చేసినవే.

సైట్ వాళ్లకు అర్థమయ్యేట్టు చెప్తా. మనం సెకండ్ హ్యాండ్ జనరేటర్ తీసుకునేటప్పుడు ముందు చూసేది పెయింట్ కాదు, అవర్ మీటర్. ఎన్ని గంటలు తిరిగింది, ఎప్పుడు ఆయిల్ మార్చారు, లాగ్ బుక్ ఉందా. రేసు ఇంజన్‌కి కూడా కిలోమీటర్లు ఉండవు, గంటలే ఉంటాయి. పద్ధతిగా రేసులాడే టీం అయితే పిస్టన్ ఎప్పుడు మార్చారు, రింగులు ఎప్పుడు, క్రాంక్ ఎప్పుడు విప్పారు అని రాసి పెట్టుకుంటారు. అమ్మేవాడి దగ్గర ఆ కాగితం లేకపోతే, "రెండే రేసులు" అనే మాటకి విలువ లేదు. రెండు రేసులకి ముందు ప్రాక్టీసు ఎన్ని రోజులు? ఆ లెక్క ఎవరు చెప్తారు?

ఇంకొకటి ఆయిల్. కంపెనీ ఆర్‌ఎక్స్‌లో ఆయిల్ పంపు ఉంటుంది, టూ స్ట్రోక్ ఆయిల్‌ని అదే తీసుకుంటుంది. రేసు ఇంజన్‌కి చాలాసార్లు ఆ పంపు పీకేసి, ఆయిల్‌ని పెట్రోల్‌లోనే కలుపుతారు. ఇరవైకి ఒకటి అంటే లీటరుకు 50 మిల్లీలీటర్లు. ట్రాక్ మీద డబ్బాలో కలిపి పోయడానికి మనిషి ఉంటాడు. రోడ్డు మీద బంకుకు పోయిన ప్రతిసారీ మీరే కొలిచి పోయాలి. ఒక్కసారి మర్చిపోతే చాలు, ఇంజన్ పట్టేస్తుంది. కలిపినా ఇంకో ప్రమాదం ఉంది. ఫుల్ స్పీడులో పోతూ ఒక్కసారిగా యాక్సిలేటర్ మొత్తం వదిలేస్తే, ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది కానీ పెట్రోల్ పోవడం ఆగుతుంది. పెట్రోల్‌తో పాటు ఆయిలూ ఆగుతుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

పెట్రోల్ కూడా చూడాలి. మన బంకుల్లో దొరికేది మామూలు పెట్రోల్. హెడ్ బాగా కోసిన ఇంజన్‌లో అది సరిపోక టకటకమని కొట్టుకుంటుంది, పిస్టన్ నెత్తి కరుగుతుంది. పైగా ఇప్పుడు పెట్రోల్‌లో ఇరవై శాతం దాకా ఇథనాల్ వస్తోంది. దానికి తగ్గట్టు కార్బరేటర్ జెట్ పెంచకపోతే ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. ఎప్పుడో ఒక ట్రాక్ మీద, ఆ రోజు పెట్రోల్‌కి సెట్ చేసిన జెట్లు మీ ఊరి బంకుకి సరిపోతాయని అనుకోకండి.

సరే, అల్లుడి దగ్గరికి వద్దాం. వద్దంటే వినే వయసు కాదు. అందుకే "పైసలు పంపుత, కానీ ముందు వీడియో కాల్‌లో నేను చెప్పినట్టు ఇంజన్ విప్పించి చూపియ్యి" అన్నా. జూన్ పదిహేను నుంచి సెప్టెంబర్ పదిహేను దాకా ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని బంద్. ఆ టైంలోనే కాల్ పెట్టుకున్నాం. వాడు బస్సులో పొద్దున్నే బయల్దేరి అమ్మేవాడి షెడ్డుకి పోయాడు.

ఏం చూడాలో వరసగా చెప్తా, రాసుకోండి.

మొదటిది, మీరు పోయేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి. చెయ్యి పెట్టి చూడండి. ముందే వేడి చేసి పెట్టాడంటే చల్లగా ఉన్నప్పుడు వచ్చే చప్పుడు దాస్తున్నాడని అర్థం.

రెండోది, ఇంజన్ నంబర్. దాన్ని తుడిపించి, ఫోటో తీయండి. ఆ ఇంజన్ ఏ బండిది, ఆ బండి ఆర్‌సీ ఏది? ఈ బండ్లకి ఉన్న గిరాకీకి దొంగతనాలూ ఎక్కువే. నంబర్ గీకేసి ఉంటే అక్కడే లేచి వచ్చేయండి. ధర సగానికి తగ్గించినా సరే.

మూడోది, సైలెన్సర్ విప్పించండి. రెండే నట్లు, పది నిమిషాల పని. ఇంజన్ విప్పకుండా లోపల చూడటానికి ఇంతకంటే మంచి దారి లేదు. టార్చి వేసి ఆ పోర్టు లోంచి చూస్తూ, కిక్కు మెల్లగా తొక్కించండి. పిస్టన్ పక్కన నిలువు గీతలు ఉన్నాయంటే అది ఒకసారి పట్టేసి వదిలిన ఇంజన్. కోసిన పోర్టు అంచుని కూడా చూడండి. మంచి మెకానిక్ కోసిన తర్వాత ఆ అంచుని నున్నగా వాలుగా రుద్దుతాడు. కత్తిలా పదునుగా వదిలేస్తే రింగు దానికి తట్టుకుని విరుగుతుంది.

నాలుగోది, కంప్రెషన్ గేజి. పెట్టండి, కానీ ఆ నంబర్‌ని దేవుడిలా నమ్మకండి. హెడ్ కోస్తే నంబర్ ఎక్కువ చూపిస్తుంది, పోర్టు పైకి కోస్తే తక్కువ చూపిస్తుంది. రెండూ చేసిన ఇంజన్‌లో ఆ నంబర్ ఒక్కటి చూసి రింగుల సంగతి చెప్పలేం.

ఐదోది, హెడ్డూ బ్లాకూ విప్పడానికి ఒప్పుకుంటే కనెక్టింగ్ రాడ్ పట్టుకుని చూడండి. పక్కలకి కొద్దిగా కదలడం మామూలే. కానీ నిలువుగా, పైకీ కిందికీ అసలు కదలకూడదు. టిక్కుమని చిన్న చప్పుడు వచ్చినా క్రాంక్ పని ఉంది. బ్లాకు చేతిలో ఉండగానే పిస్టన్ సైజు చదవండి. స్టాండర్డా, పాతిక పాయింట్లా, యాభయ్యా, వందా? వంద దాకా వచ్చిందంటే ఇంక బోరు కొట్టించే చాన్సు లేదు.

ఆరోది, మాగ్నెట్ కవర్ తీయించి, ఆ చక్రాన్ని పైకీ కిందికీ ఆడించండి. ఆడితే మెయిన్ బేరింగు పోయినట్టే. గేర్ ఆయిల్ కొంచెం దించి అరచేతిలో చూడండి, మెరుపు ఉంటే లోపల ఇనుము అరుగుతోంది. నాలుగు గేర్లూ పడుతున్నాయా చూడండి.

ఏడోది, ఆ ఇంజన్‌తో పాటు దాని సైలెన్సర్, కార్బరేటర్, జెట్లు అన్నీ ఇస్తున్నాడా? అవి లేకుండా ఇంజన్ ఒక్కటే కొంటే సగం కొన్నట్టు. ఈ పోర్టులు ఆ సైలెన్సర్ కోసం కోసినవి.

ఇప్పుడు మా కాల్‌లో ఏమైందో వినండి. ఇంజన్ చల్లగానే ఉంది. సైలెన్సర్ విప్పమంటే ఆయన "నమ్మకం లేకపోతే ఎట్లా తమ్ముడూ" అని కొంచెం గునిసి, విప్పాడు. పిస్టన్ మీద గీతలు ఫోన్‌లో నాకే కనిపించాయి. పోర్టు అంచు పదునుగా ఉంది. నంబర్ దగ్గర రెండు అంకెల మీద రాపిడి. హెడ్డు విప్పడానికి ఒప్పుకోలేదు.

అల్లుడు బయటికి వచ్చి ఏమన్నాడో తెలుసా? "మామా, యాభై వేలకి ఇస్తడంట. బోరు కొట్టిస్తే సరిపోతది కదా?"

కోసింది తిరిగి అతకదు. పైకి జరిగిన పోర్టుని కిందికి తేవాలంటే కొత్త లైనరో కొత్త బ్లాకో వేయాలి. అప్పుడది రేసు ఇంజనే కాదు, మరి అరవై వేలు దేనికి? ఇదంతా చెప్పాను. కాగితాల సంగతీ చెప్పాను. ఆర్‌సీలో ఇంజన్ నంబర్ ఉంటుంది. ఇంజన్ మార్చాలంటే ఆర్‌టీఓ అనుమతి ముందే తీసుకోవాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అదే చెప్తుంది. కంపెనీ ఇచ్చిన లెక్కలు మారేట్టు బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పైగా పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ ఉంటుంది, బండి తీసుకుపోయి చూపించాలి. అన్నిటికంటే పెద్దది, ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది ఆ నంబరే. ఇదంతా విని వాడు "అందరూ వేసుకుంటుర్రు కదా మామా" అన్నాడు.

అప్పుడు చెప్పాను, ఇరవై ఏళ్లకు పైగా ఇంట్లో ఎవరికీ చెప్పని మాట.

2001లో నేను ఐటిఐ అయిపోయి జగిత్యాలలో ఒక షెడ్డులో పని చేస్తున్నా. నా దోస్తు ఒకడు, ఐటిఐలో పక్క బెంచీ, ఇలాంటి ఇంజనే తెచ్చాడు. మద్రాసు వైపు రేసులాడిన ఇంజన్ అని చెప్పారు. రాత్రంతా కూర్చుని నేనే బిగించా. సైలెన్సర్ రాలేదు కాబట్టి వాడి పాతదే తగిలించా. జెట్లు ఏ సైజువో చూడలేదు. పిస్టన్ చూడలేదు. స్టార్ట్ అయింది, ఆ చప్పుడు విని ఇద్దరం ఎగిరి గంతేశాం. పెట్రోల్‌లో ఆయిల్ కలపాలని చెప్పాను. కానీ ఫుల్ స్పీడులో ఒక్కసారిగా యాక్సిలేటర్ వదలొద్దని చెప్పలేదు. అప్పటికి నాకే తెలియదు.

రెండు వారాల తర్వాత ధర్మపురి రోడ్డు మీద, సాఫ్ రోడ్డు కదా అని గుంజాడు. ముందు ఎడ్లబండి కనిపించి మొత్తం వదిలేశాడు. ఇంజన్ పట్టేసింది. వెనక చక్రం ఆగిపోయింది. క్లచ్ పట్టుకునేలోపు పడిపోయాడు. కాలు మూడు చోట్ల విరిగింది, లోపల రాడ్డు వేశారు. తర్వాత ఆ ఇంజన్ నేనే విప్పా. పిస్టన్ మీద పాత గీతలు, కొత్త గీతలు రెండూ ఉన్నాయి. పాతవి నేను బిగించిన రోజు కూడా అక్కడే ఉన్నాయి. సైలెన్సర్ తగిలించే ముందు ఒక్కసారి టార్చి వేసి ఉంటే కనిపించేవి.

వాడు ఒక్కనాడు కూడా నన్నేమీ అనలేదు. ఆయన గల్ఫ్‌కి రావాల్సిన మనిషి, నాతో పాటే పాస్‌పోర్ట్‌కి పెట్టాడు. ఆ కాలుతో మెడికల్ కాలేదు. ఇప్పుడు ఊళ్లో కిరాణా దుకాణం.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత అల్లుడు, "మన కిరాణం మామనా?" అన్నాడు. చిన్నప్పటి నుంచి వాడు చాక్లెట్లు కొనుక్కునేది అక్కడే. మెట్లు పక్కకి తిరిగి ఎక్కడం చూస్తూ పెరిగాడు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

"ఇంటికొస్తున్న" అని ఫోన్ పెట్టేశాడు.

రేసు ఇంజన్ చెడ్డదని నేను అనట్లేదు. శ్రీపెరుంబుదూర్ ట్రాక్ ఉంది, కోయంబత్తూర్‌లో ఉంది. అక్కడ హెల్మెట్, సూటు, పక్కనే అంబులెన్స్, ఎదురుగా ఎడ్లబండి రాదు. ఆ పనికి కొనుక్కో, గంటలు రాసి పెట్టుకో, టైంకి పిస్టన్ మార్చు. రోడ్డు మీదే తిరగాలంటే పైసలు పికప్ మీద కాదు, ముందు బ్రేకుల మీద పెట్టండి. ఆర్‌ఎక్స్ 100కి ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులే. పవర్ పెంచుతున్నారు సరే, ఆపేది దేంతో?

ఇక్కడ గల్ఫ్‌లో పెద్ద బండ్లు నడిపే మన పిల్లలకీ ఇదే మాట. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో దొరికే ఇంజన్ ట్రాక్ బండిది కావచ్చు. ఎన్ని గంటలు, ఎవరు విప్పారు, కాగితం ఏది అని అడగండి. పాసింగ్‌కి పోయే ముందే అడగండి.

చివరికి ఏం చేశామంటే, ఆ బండి సొంత ఇంజనే దించాం. బోరు కొట్టించి కొత్త పిస్టన్, క్రాంక్‌కి కొత్త రాడ్ కిట్టు, ఆయిల్ సీళ్లు, బ్రేకు షూలు, రెండు టైర్లు. పద్దెనిమిది వేలు పంపాను. అల్లుడు మూడు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అడిగినదానికి "ఊ" అనేవాడు.

పోయిన ఆదివారం వాయిస్ మెసేజ్ వచ్చింది. మాటలేం లేవు, ఇంజన్ ఐడ్లింగ్ చప్పుడు ఒక్కటే, నలభై సెకన్లు. రెండుసార్లు విన్నా. మూడోసారి ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని రాసి పంపా: "బాగుంది అల్లుడా. ఎడమ పక్క మెయిన్ బేరింగు చప్పుడు వస్తుంది. మార్పియ్యి."

"నిన్ననే ఆర్డర్ పెట్టిన మామా" అని జవాబు. కింద ఒక ఫోటో. బండి కిరాణా దుకాణం ముందు ఆగి ఉంది. సీటు మీద చెయ్యి వేసి, పక్కకి కొంచెం వంగి, నా దోస్తు నిలబడి ఉన్నాడు.

సరే, ఈ వారానికి ఇంతే. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి ఇంజన్ వీడియో పంపితే తిట్టకండి. సైలెన్సర్ విప్పి చూపియ్యమనండి.